ఖాళీ బండికి అన్నీ బాగానే ఉంటాయి: చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో పికప్, చోటు లెక్కలు

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాక చిన్న కార్ల మీద మళ్లీ జనం దృష్టి పడింది. మొదటిసారి కారు కొనేవాళ్లు, పాత ఆల్టో ఇచ్చేసి కాస్త పెద్దది తీసుకుందామనుకునేవాళ్లు షోరూమ్‌కి వెళ్లి అడిగేవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు. ఐదుగురం ఎక్కితే లాగుతుందా? డిక్కీలో సామాను పడుతుందా? అక్కడ వచ్చే జవాబులూ రెండే. "90 హెచ్‌పీ సార్", "318 లీటర్లు సార్." ఈ అంకెల్లో అబద్ధం లేదు, కానీ అడిగిన ప్రశ్నకు జవాబూ లేదు.

90 హెచ్‌పీ అనేది ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు వచ్చే శక్తి. మన ఇళ్లలో కారు నడిపేవాళ్లలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా అంతవరకు తొక్కరు. 318 లీటర్లు అనేది చిన్న చిన్న దిమ్మెలు పేర్చి కొలిచిన ఘనపరిమాణం. మనం పెట్టేది దిమ్మెలు కాదు, సూట్‌కేసులు, బియ్యం మూట, పిల్లల సైకిలు. నిజంగా తెలుసుకోవాల్సింది బండి నిండిన తర్వాత ఎంత శక్తి, ఎంత చోటు మిగులుతాయన్నది. ఆ లెక్క బ్రోచర్‌లో ఉండదు గానీ, బ్రోచర్‌లో ఉన్న అంకెలతోనే చాలావరకు వేసుకోవచ్చు.

నాలుగు మీటర్ల గీత ఎక్కడిది

ముందు ఒక విచిత్రం చూద్దాం. బాలెనో పొడవు 3,990 మిల్లీమీటర్లు. ఆల్ట్రోజ్ కూడా 3,990. హ్యుందాయ్ ఐ20 3,995. సిట్రోయెన్ సీ3 3,981. నాలుగు వేర్వేరు కంపెనీల కార్లు నాలుగు మీటర్లకు బెత్తెడు దూరంలో కూడా లేకుండా ఆగిపోయాయి. ఇదంతా పన్ను మహిమ.

2006 బడ్జెట్‌లో కేంద్రం "చిన్న కారు" అంటే ఏమిటో నిర్వచించింది. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ లోపు ఉండాలి. అలాంటి కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2017లో జీఎస్టీ వచ్చినా గీత అలాగే ఉండిపోయింది. చిన్న పెట్రోల్ కారుకు 28 శాతం పన్ను, పైన 1 శాతం సెస్సు. చిన్న డీజిల్‌కు సెస్సు 3 శాతం. పెద్ద కార్లకు సెస్సుతో కలిపి 50 శాతం దాకా వెళ్లేది. 2025 సెప్టెంబర్ నుంచి సెస్సు పోయింది. గీతకు ఇటు 18 శాతం, అటు 40 శాతం.

ఒక ఉదాహరణ. పన్నుకు ముందు ధర 6 లక్షలు ఉన్న చిన్న పెట్రోల్ కారు పాత లెక్కలో 7 లక్షల 74 వేలు అయ్యేది. ఇప్పుడు 7 లక్షల 8 వేలు. అంటే 66 వేలు తగ్గింది. అదే కారు పొడవు ఒక అంగుళం పెరిగి నాలుగు మీటర్లు దాటితే ధర 8 లక్షల 40 వేలు అవుతుంది. ఒక్క అంగుళానికి లక్షా 32 వేలు! పైగా తెలుగు రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్స్ కూడా కారు ధరను బట్టి పెరిగేదే కాబట్టి ఆన్‌రోడ్‌కి వచ్చేసరికి తేడా ఇంకా ఎక్కువవుతుంది.

అందుకే ఏ కంపెనీ అయినా మన కోసం కారు గీసేటప్పుడు ముందు స్కేలు పెట్టి నాలుగు మీటర్ల దగ్గర గీత గీస్తుంది. ఆ లోపలే ఇంజన్, ముందు సీట్లు, వెనక సీట్లు, డిక్కీ అన్నీ సర్దాలి. వెనక సీట్లో మోకాళ్లకు చోటు పెంచితే డిక్కీ తగ్గుతుంది, డిక్కీ పెంచితే మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. స్విఫ్ట్ డిజైర్ 2008లో వచ్చినప్పుడు నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో దాన్ని గీత లోపలికి తేవడానికి తోక కోసేశారు. అప్పటి డిజైర్‌ని వెనక నుంచి చూసినవాళ్లకు ఆ కోత ఇప్పటికీ గుర్తుంటుంది. ఇంజన్ సంగతీ అంతే. 1,200 సీసీ దాటే వీలు లేదు కాబట్టి శక్తి పెంచాలంటే టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టాలి, లేదా డీజిల్‌కి వెళ్లాలి. "చిన్న కారే కావాలి, కానీ శక్తి, చోటు రెండూ దండిగా ఉండాలి" అని అడిగేవాళ్లు ఈ గీతతోనే పోట్లాడుతున్నారన్నమాట.

హెచ్‌పీకి, టార్క్‌కి తేడా

సైకిల్ పెడల్ మీద కాలు ఎంత బలంగా తొక్కుతోందో అది టార్క్. పెడల్ ఎంత వేగంగా తిరుగుతోందో అది ఆర్‌పీఎం. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది శక్తి, అంటే హెచ్‌పీ. కంపెనీలు మన దగ్గర దీన్ని పీఎస్‌లోనో బీహెచ్‌పీలోనో చెబుతాయి. రెండింటికీ తేడా ఒకటిన్నర శాతం కూడా ఉండదు, పట్టించుకోనక్కర్లేదు. లెక్క కూడా సులువే. టార్క్‌ని న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7,024తో భాగిస్తే పీఎస్ వస్తుంది.

ఈ లెక్కతో ఒక చిక్కుముడి విప్పుదాం. బాలెనో 1.2 పెట్రోల్ 90 పీఎస్. ఆల్ట్రోజ్ 1.5 డీజిల్ కూడా 90 పీఎస్. కాగితం మీద సమానం. కానీ బాలెనో టార్క్ గరిష్ఠంగా 113 న్యూటన్ మీటర్లు, అది కూడా 4,400 ఆర్‌పీఎం దగ్గర. ఆల్ట్రోజ్ డీజిల్‌ది 200 న్యూటన్ మీటర్లు, అదీ రెండువేల ఆర్‌పీఎం లోపే చేతికొస్తుంది. మనం రోజూ ఊళ్లో, హైవే మీద తిరిగేది 2,000 ప్రాంతంలోనే. అక్కడ డీజిల్ ఇచ్చేది 57 పీఎస్. బాలెనోకి ఆ దగ్గర 100 న్యూటన్ మీటర్లు ఉన్నాయని ఉదారంగా అనుకున్నా 29 పీఎస్ దాటదు. 90కి 90 సమానమన్నది రెండిటినీ రెడ్ లైన్ దాకా, అంటే ఇంజన్ తిరగగల హద్దు దాకా తొక్కినప్పుడే నిజం.

ఇక్కడ డీజిల్ అభిమానులు చప్పట్లు కొట్టే ముందు ఇంకో మాట. డీజిల్ బండి బరువు ఎక్కువ, దాని గేర్లు కూడా పొడుగ్గా ఉంటాయి, అంటే అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరుగుతుంది. అందుకని చక్రం దగ్గరికి వచ్చేసరికి రెండింతల తేడా మిగలదు. అయినా గేరు మార్చకుండా కాలు నొక్కితే బండి ముందుకు దూకే గుణం మాత్రం డీజిల్‌ది, టర్బోది. మనవాళ్లు పికప్ అనేది దాన్నే.

ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌కి ఎంత పని

"చిన్న ఇంజన్ ఘాట్ ఎక్కదు" అనే మాట తరచూ వింటాం. తిరుమల, శ్రీశైలం, అరకు దారుల్లో ఆల్టోలు, వ్యాగన్ ఆర్‌లు రోజూ ఎక్కుతూనే ఉన్నాయి కదా. మరి ఆ మాట ఎందుకొచ్చింది? లెక్క వేసి చూద్దాం.

బండి బరువు 920 కిలోలు, సుమారుగా స్విఫ్ట్ అంత. ఐదుగురు, మనిషికి 65 కిలోల చొప్పున 325. సామాను 55. మొత్తం 1,300 కిలోలు. రోడ్డు వాలు 8 శాతం, అంటే వంద మీటర్లకు 8 మీటర్ల ఎత్తు. వేగం గంటకు 40 కిలోమీటర్లు. ఈ బరువుని పైకి ఎత్తడానికి కావాల్సింది 15 పీఎస్. టైర్ల రాపిడికి ఇంకో రెండున్నర. మొత్తం 18 లోపే.

అంతే! 67 పీఎస్ ఉన్న ఒక లీటర్ ఇంజన్‌కి కూడా ఇది పెద్ద పనేం కాదు. అసలు ఇబ్బంది గేరులో ఉంది. ఒక లీటర్ ఇంజన్ ఉన్న వ్యాగన్ ఆర్‌ని తీసుకుందాం. బండి బరువు వంద కిలోలు తక్కువ కాబట్టి దానికి 16, 17 పీఎస్ చాలు. దాని గరిష్ఠ టార్క్ 89 న్యూటన్ మీటర్లు, 3,500 ఆర్‌పీఎం దగ్గర. మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ సుమారు 1,900 తిరుగుతుందనుకుంటే, అక్కడ టార్క్ 78 అనుకుంటే, వచ్చేది 21 పీఎస్. గేర్‌బాక్స్‌లో పదో వంతు పోతుంది. ఏసీ కంప్రెసర్ ఓ మూడు తింటుంది. మిగిలింది 16. కావాల్సిందీ అంతే. అంటే బండి అదే వేగంలో కష్టంగా నెట్టుకొస్తుంది, కాలు ఎంత నొక్కినా ఇంకొంచెం కూడా పెరగదు. హెయిర్‌పిన్ మలుపులో వేగం 20కి పడితే మూడో గేరులో ఇంజన్ వెయ్యికి దిగిపోయి గడగడలాడుతుంది. డ్రైవర్ "లాగట్లేదు" అని ఏసీ ఆపేస్తాడు.

అదే వ్యాగన్ ఆర్‌ని రెండో గేరులో పెడితే 2,800 ఆర్‌పీఎం దగ్గర 33 పీఎస్ దాకా వస్తుంది. ఏసీ ఆపక్కర్లేదు. శబ్దం ఎక్కువవుతుంది, అంతే. ఇంజన్ మొర్రోమంటుంటే చాలామందికి టెన్షన్ పుట్టి పై గేరు వేసేస్తారు. అక్కడే బండి చచ్చుబడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్‌గా తొక్కి లాగించడం కంటే 3,000 దగ్గర తిరగనివ్వడమే ఇంజన్‌కి హాయి.

కాబట్టి ఘాట్ రోడ్డుకి "శక్తి చాలదు" అన్నదానికి అసలు అర్థం "ఎక్కువసార్లు గేరు మార్చాలి, శబ్దం భరించాలి" అని. ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్లేవాళ్లకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. పాడేరులోనో మారేడుమిల్లి వైపో ఉద్యోగం చేస్తూ వారం వారం ఇంటికొచ్చేవాళ్లకి కచ్చితంగా పెద్ద విషయమే.

లారీని దాటేటప్పుడు మిగులు శక్తే ప్రాణం

ఘాట్ కంటే నన్ను భయపెట్టేది రెండు లైన్ల రాష్ట్ర రహదారి. డివైడర్ ఉండదు. ముందు 60 వేగంలో వడ్ల లారీ. ఎదురుగా 80లో ఆర్టీసీ బస్సు. ఇక్కడ అసలైన పరీక్ష 60 నుంచి 90కి చేరడానికి పట్టే సమయం.

అదే 1,300 కిలోల బండి. 60 నుంచి 90కి ఆరు సెకన్లలో చేరాలంటే చక్రాల దగ్గర సగటున 60 పీఎస్ కావాలి, గాలి, రాపిడి లెక్క కలిపి. పది సెకన్లు పట్టినా ఫర్వాలేదంటే 40 చాలు. పద్నాలుగు సెకన్లకైతే 31. ఇప్పుడు లారీ పొడవు, ముందూ వెనకా విడిచే దూరం కలిపి 42 మీటర్లు దాటాలనుకుందాం. మొదటి బండి, 90 అందాక అదే వేగంలో ఉంటే, 8 సెకన్లలో లారీని దాటుతుంది. రెండోది 10 సెకన్లలో. మూడోది దాదాపు 12 సెకన్లలో. ఎదురుగా వచ్చే బస్సు కూడా ఈలోగా దగ్గరికి వస్తుంది కదా. రెండూ కలిపితే మొదటి బండికి 350 మీటర్లు, రెండోదానికి 430, మూడోదానికి 500 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి.

150 మీటర్ల తేడా. మన రోడ్ల మీద ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య ఉండే దూరంలో అది చిన్నది కాదు. 67 పీఎస్ బండిలో సగటున 40 పీఎస్ చక్రాలకు అందించాలంటే మూడో గేరుకి దించి గట్టిగా తొక్కాలి. నాలుగో గేరులోనే ఉంచి కాలు నొక్కితే అది మూడో బండి కంటే కూడా నెమ్మదిస్తుంది. టర్బో ఉన్న ఐ20 ఎన్ లైన్‌కి 998 సీసీలోనే 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. సీ3 టర్బోకి 110 పీఎస్. వీటిలో మొదటి లెక్క సులువుగా కుదురుతుంది. వేగంగా వెళ్లడానికి శక్తి ఎందుకు అని పెద్దవాళ్లు అడుగుతారు. ఎదురుగా వచ్చే బండి దారిలో తక్కువసేపు ఉండడానికి అన్నది నా జవాబు. దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అందులో నిజమూ ఉంది. శక్తి ఉందని తెలిసిన డ్రైవర్ 350 మీటర్లు కూడా లేని చోట దూరుతాడు. ఆ అలవాటుని ఏ ఇంజన్ మార్చలేదు.

స్విఫ్ట్ శక్తి తగ్గించారని గొడవ

2024 మేలో కొత్త స్విఫ్ట్ వచ్చినప్పుడు పాత అభిమానులు మండిపడ్డారు. పాత నాలుగు సిలిండర్ల ఇంజన్ 90 పీఎస్ ఇచ్చేది. కొత్త మూడు సిలిండర్ల ఇంజన్ ఇచ్చేది 82. టార్క్ దాదాపు అంతే, 112. మైలేజీ మాత్రం మాన్యువల్‌కి లీటరుకు 24.8 కిలోమీటర్లకు పెరిగింది, కంపెనీ లెక్కలో.

వాళ్ల బాధలో అర్థం ఉంది. పాత ఇంజన్ పైకి తిరిగేకొద్దీ హుషారుగా ఉండేది, నాలుగు సిలిండర్లు కాబట్టి నున్నగా నడిచేది. మూడు సిలిండర్ల ఇంజన్‌కి ఆగి ఉన్నప్పుడు చిన్న వణుకు స్వభావంలోనే ఉంది. కానీ పోయిన 8 పీఎస్ ఎక్కడ పోయిందో చూడాలి. అది 5,500 పైన పోయింది. ఊళ్లో తిరిగే ఆర్‌పీఎంలో టార్క్ తేడా లేనప్పుడు ఆ నష్టం చాలామందికి తెలియను కూడా తెలియదు. హైవే మీద తొక్కి నడిపే కుర్రాడికి పాతదే నచ్చుతుంది, ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి కొత్తది. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

బరువు కోణం కూడా కలిపి చూడాలి. 920 కిలోల స్విఫ్ట్‌కి 82 పీఎస్ అంటే టన్నుకి 89. ఐదుగురూ, సామానూ ఎక్కాక టన్నుకి 63కి పడిపోతుంది. బండి ఎంత తేలికైనదైతే మనుషులు ఎక్కినప్పుడు తేడా అంత ఎక్కువగా తెలుస్తుంది. ఒక్కడే నడిపి "అబ్బ, ఏం దూకుతోంది" అనుకున్న బండి పెళ్లికి వెళ్లేటప్పుడు వేరే బండిలా అనిపించేది అందుకే. మరోవైపు బరువు వట్టి భారం మాత్రమే కాదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐదు స్టార్లు తెచ్చుకున్న ఆల్ట్రోజ్ తేలికైన కారు కాదు. దాని 88 పీఎస్ పెట్రోల్ ఇంజన్‌ని మందకొడి అంటారు. ఆ మాట నిజమే. బాడీకి వాడిన ఉక్కు బరువు కూడా ఆ ఇంజనే మోయాలి కదా.

సీఎన్‌జీ, ఆటోమేటిక్ కలిస్తే మారే లెక్కలు

సీఎన్‌జీలో శక్తి తగ్గుతుంది. స్విఫ్ట్ పెట్రోల్‌లో 82 ఉన్నది సీఎన్‌జీలో 70కి వస్తుంది. టియాగో 86 నుంచి 73కి. వ్యాగన్ ఆర్ ఒక లీటర్ 67 నుంచి 57కి. పైగా సిలిండర్ బరువు అదనం. పై ఘాట్ లెక్కలో ఒక లీటర్ వ్యాగన్ ఆర్ ఇప్పటికే అంచు మీద ఉంది, సీఎన్‌జీలో మూడో గేరు ఆశ వదులుకోవాల్సిందే. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు స్విచ్ నొక్కి పెట్రోల్‌కి మారే వీలు ఈ కార్లన్నిటికీ ఉంది, తెలిసినవాళ్లు అదే చేస్తారు.

డిక్కీకి అసలు దెబ్బ కూడా సీఎన్‌జీదే. ఒక పెద్ద సిలిండర్ పెడితే డిక్కీలో మిగిలేది రెండు బ్యాగుల చోటే. టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో మొదలుపెట్టి రెండు చిన్న సిలిండర్లను నేల కింద పడుకోబెట్టే పద్ధతి తెచ్చింది. దాంతో ఆల్ట్రోజ్ సీఎన్‌జీలో 210 లీటర్లు మిగిలాయి. పెట్రోల్ ఆల్ట్రోజ్‌లో 345 కాబట్టి ఇదీ నష్టమే, కానీ వాడుకోగలిగిన చోటు. హ్యుందాయ్ కూడా తర్వాత అదే దారి పట్టింది.

ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే కాదు. చవకైన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం మిషన్ చేస్తుంది. మన దేశంలో ఇది 2014లో సెలేరియోతో జనంలోకి వచ్చింది. గేరు మారేటప్పుడు ఒక చిన్న విరామం వస్తుంది, తల ముందుకు ఊగుతుంది. లారీని దాటే లెక్కలో ఆ విరామం సెకను తినేస్తుంది. ఘాట్‌లో ఏ గేరు వేయాలో తేల్చుకోలేక తికమకపడుతుంది, మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుంటే నయం. ఐ20లో వచ్చే ఐవీటీ (గేరు మెట్లు లేని ఆటోమేటిక్), ఎన్ లైన్‌లో వచ్చే డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) వేరే జాతి, వేరే ధర.

పొట్టి కారులో పెద్ద డిక్కీ ఎలా

ఇక చోటు. స్విఫ్ట్ పొడవు 3,860 మిల్లీమీటర్లు, డిక్కీ 265 లీటర్లు. వ్యాగన్ ఆర్ పొడవు 3,655, అంటే స్విఫ్ట్ కంటే ఎనిమిది అంగుళాలు పొట్టి. డిక్కీ మాత్రం 341 లీటర్లు. చక్రాల మధ్య దూరంలో తేడా ఒకటిన్నర సెంటీమీటర్లే. కిటుకంతా ఎత్తులో ఉంది. వ్యాగన్ ఆర్ ఎత్తు 1,675, స్విఫ్ట్‌ది 1,520. అరడుగు ఎత్తు పెరిగితే మనుషులు కాళ్లు చాపుకుని కూర్చోకుండా కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటారు. అలా కూర్చుంటే కాళ్లకు తక్కువ పొడవు చాలు. మిగిలిన పొడవు డిక్కీకి దక్కుతుంది.

మోకాళ్ల నొప్పులున్న నానమ్మకి ఇది ఇంకో రకంగా మేలు. సీటు నడుము ఎత్తుకి దగ్గరగా ఉంటే కూర్చోవడానికి వంగక్కర్లేదు, లేవడానికి ఎవరూ చెయ్యి పట్టక్కర్లేదు. కిందికి ఉన్న సీట్లోంచి ఆవిడ లేచేటప్పుడు ముందు తలుపు పట్టుకుని, తర్వాత కోడలి భుజం పట్టుకుని, చివరికి పైన హ్యాండిల్ పట్టుకుని లేవడం చూస్తే లీటర్లు, మిల్లీమీటర్లు పక్కన పెట్టాలనిపిస్తుంది. ఆల్ట్రోజ్‌లో సీటు అంత ఎత్తు కాదు గానీ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, అది కొంత సాయం.

వ్యాగన్ ఆర్‌కి ఉన్న లోటు వెడల్పు. 1,620 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ 1,735, బాలెనో 1,745, ఆల్ట్రోజ్ 1,755, ఐ20 1,775. వ్యాగన్ ఆర్‌కీ ఐ20కీ మధ్య అరడుగు తేడా ఉంది. వెనక ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లవాడు అయితే ఎందులోనైనా సరిపోతుంది. ముగ్గురూ పెద్దవాళ్లయితే ఆ అరడుగే భుజాలు ఒకదాని వెనక ఒకటి సర్దుకోవాలా, పక్కపక్కన ఉండొచ్చా అన్నది తేలుస్తుంది. మధ్యలో కూర్చునేవాళ్లకి నేల చదునుగా ఉండడం కూడా ముఖ్యం. ఆల్ట్రోజ్‌లో వెనక నేల చదును. చాలా కార్లలో మధ్యలో దిమ్మె లేస్తుంది, అక్కడ కూర్చున్నవాళ్లు కాళ్లు రెండు వైపులా పెట్టుకుని పక్కవాళ్ల పాదాల చోటు తింటారు.

ఎత్తు కారుకి ఇంకో ఖర్చూ ఉంది. హైవే మీద వంద దాటాక పక్క గాలికి ఊగుతుంది, లారీ పక్కనుంచి వెళ్తే స్టీరింగ్ కాస్త గట్టిగా పట్టుకోవాలి. ఊళ్లో తిరిగేవాళ్లకి ఈ సంగతి తెలిసే అవకాశమే రాదు.

లీటర్లు సరిపోయినా సూట్‌కేసు పట్టదు

డిక్కీ లీటర్లు కొలిచే పద్ధతుల్లో జర్మనీ నుంచి వచ్చినది ప్రసిద్ధం. ఒక్కొక్కటి ఒక లీటర్ ఉండే చిన్న దిమ్మెలు, 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం, పేర్చుకుంటూ పోయి లెక్కపెడతారు. చక్రం మీది ఉబ్బు వెనక సందులో పట్టిన నాలుగు దిమ్మెలు కూడా లెక్కలోకి వస్తాయి. సూట్‌కేసు ఆ సందులో దూరదు.

మన ఇళ్లలో డిక్కీకి అసలు పరీక్ష శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ప్రయాణం. అమెరికా చదువుకి వెళ్లే పిల్లకి 23 కిలోల బ్యాగులు రెండు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదని విమాన సంస్థల నియమం. 76, 50, 32 సెంటీమీటర్ల బ్యాగు అనుకుంటే ఒక్కోటి 122 లీటర్లు, రెండు కలిపి 243. స్విఫ్ట్ 265 లీటర్లలో ఇవి పట్టాలి కదా? లెక్కకు పట్టాలి. కానీ డిక్కీ మూత లోపలికి వాలుగా దిగుతుంది, వెనక సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది. రెండు పెద్ద గట్టి పెట్టెలకు కావాల్సిన లోతు పైన దొరికితే కింద దొరకదు. పార్సిల్ ట్రే (డిక్కీ మీద కప్పే పలక) తీసేసి ఒకటి నిలబెట్టి, ఇంకోటి దాని మీదికి అడ్డంగా వాల్చాల్సి వస్తుంది. పచ్చళ్ల సీసాలు ఉన్న క్యాబిన్ బ్యాగు అమ్మ ఒళ్లో.

ఇక్కడే 60:40 సీటు విలువ తెలుస్తుంది. వెనక సీటులో ఒక భాగం మాత్రమే మడిస్తే సామానూ పడుతుంది, ఇద్దరూ కూర్చోవచ్చు. తక్కువ వేరియంట్లలో చాలా కంపెనీలు దీన్ని ఎత్తేసి సీటు మొత్తం ఒకే ముక్కగా ఇస్తాయి. మడిస్తే మొత్తం మడవాలి. వేరియంట్ల మధ్య టచ్‌స్క్రీన్ అంగుళాల గురించి జరిగినంత చర్చ దీని గురించి జరగదు. జరగాలని నా అభిప్రాయం.

డిక్కీ గడప ఎత్తు కూడా చూడదగ్గదే. 25 కిలోల బియ్యం బస్తాని మోకాలి ఎత్తు దాటించి లోపల గుంటలోకి దించడం, మళ్లీ ఆ గుంటలోంచి ఎత్తడం, ఈ రెండోదే నడుము పట్టేసే పని.

పంచ్ కొంటే పోదా అనే వాదన

ఇదంతా విని "ఈ గొడవంతా ఎందుకు, అదే డబ్బుకి చిన్న ఎస్‌యూవీ వస్తుంది కదా" అనేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. వాళ్ల వాదనకి బలం ఉంది. 2021లో వచ్చిన టాటా పంచ్ పొడవు 3,827 మిల్లీమీటర్లే, డిక్కీ 366 లీటర్లు, నేల నుంచి ఎత్తు 187. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం నీళ్లు అన్నిటికీ ఆ ఎత్తు పనికొస్తుంది. స్విఫ్ట్‌కి అది 163.

అయితే పంచ్‌లో టర్బో లేకుండా వచ్చే 1.2 పెట్రోల్ ఇంజన్ టియాగో, ఆల్ట్రోజ్‌లలో ఉన్న కుటుంబమే. చూడ్డానికి పెద్దగా ఉందని లాగే శక్తి పెరగదు. మారుతి ఫ్రాంక్స్ సంగతి ఇంకా తమాషా. బాలెనో పునాది మీదే కట్టిన బండి, డిక్కీ 308 లీటర్లు, బాలెనో కంటే పది తక్కువ. కాకపోతే ఫ్రాంక్స్‌లో 100 పీఎస్ టర్బో పెట్రోల్ దొరుకుతుంది, బాలెనోలో ఇప్పుడది లేదు. 2017లో బాలెనో ఆర్‌ఎస్ అని 102 పీఎస్ టర్బోతో తెచ్చారు, కొనేవాళ్లు లేక ఆగిపోయింది. శక్తి కావాలని అడిగేవాళ్లు ఎక్కువ, దానికి డబ్బు కట్టేవాళ్లు తక్కువ అని కంపెనీలు అప్పుడే తేల్చుకున్నట్టున్నాయి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏది తెలుస్తుంది, ఏది తెలియదు

షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌లో బండిలో ఉండేది కొనేవాళ్లు ఒకరు, పక్కన సేల్స్ కుర్రాడు. రోడ్డు చదును. దూరం రెండు మూడు కిలోమీటర్లు. ఈ పరిస్థితిలో 67 పీఎస్ బండి, 90 పీఎస్ బండి దాదాపు ఒకేలా అనిపిస్తాయి, ఎందుకంటే ఖాళీ వ్యాగన్ ఆర్‌కి కూడా టన్నుకి 80 పీఎస్ ఉంది. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ రెండులో పెట్టి, దగ్గర్లోని ఫ్లైఓవర్‌ని మూడో గేరులో 40 దగ్గర ఎక్కిస్తే పైన వేసిన ఘాట్ లెక్క అంతా కాలి కిందే తెలిసిపోతుంది. షోరూమ్ వాళ్లు ముందు కాస్త మొహం చిట్లించినా, అమ్మకం పోతుందని ఒప్పుకుంటారు.

ఇంకో అంకె బ్రోచర్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్రాస్ వెహికల్ వెయిట్, అంటే మనుషులు, సామాను అంతా కలిపి బండి మోయగల గరిష్ఠ బరువు. అందులోంచి కెర్బ్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేది మనకు మిగిలేది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది సాధారణంగా 400 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 75 కిలోల మనుషులు ఐదుగురు ఎక్కితే 375. సామానుకి మిగిలింది పాతిక కిలోలు, ఒక అమెరికా సూట్‌కేసు అంత. డిక్కీలో ఎన్ని లీటర్లున్నా అంతే. ఆ పైన ఎంత పెట్టినా స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు తమ హద్దు దాటి పనిచేస్తున్నట్టే. ఫుల్ లోడ్‌కి టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటుంది. ఖాళీ బండి అంకెకి, దానికి మధ్య తేడా చూస్తే, ఐదుగురు ఎక్కినప్పుడు ఆ బండి మీద పడే భారం కంపెనీకి ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.